మెరుపు రాని సాయంత్రం

ప్రశ్న: మ్యూజియంలలో, కళాకేంద్రాలలో జరిపే సైన్స్ ఉత్సవాల వల్ల ఎవరికైనా సైన్స్ వంటబడుతుందా? లేక అదంతా ఒక్కరోజు సందడేనా?

వంటబడుతుంది. అయితే నిర్వాహకులు అనుకున్న చోట, అనుకున్న సమయానికి మాత్రం వంటబడదు. ఇరవై ఏళ్లకు పైగా కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సామగ్రి చూసుకున్నవాణ్ణి. ఉత్సవాలకు యంత్రాలు మోసుకెళ్లి, విప్పి, బిగించి, చూపించి, మళ్లీ మోసుకొచ్చిన అనుభవంతో చెబుతున్నాను. వేదిక మీద మాట్లాడేవాళ్లకు జనం ముఖాలు కనిపించవు. యంత్రం పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డవాడికి అన్నీ కనిపిస్తాయి.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను.

ఒక మ్యూజియంలో శిల్పాల గది పక్కనున్న పెద్ద హాలులో ఉత్సవం. అదే భవనంలో ఒక నాటకశాల కూడా ఉంది. దీని సంగతి తరువాత వస్తుంది, గుర్తుంచుకోండి. నా వంతు వాన్ డి గ్రాఫ్ యంత్రం. పిల్లల జుట్టు నిక్కబొడుచుకునేలా చేసే ఆ లోహపు గోళం బొమ్మ మీరు ఎక్కడో చూసే ఉంటారు. లోపల పెద్ద మర్మమేమీ లేదు. కింద మోటారు, పైన బోలు గోళం, మధ్యలో ప్లాస్టిక్ స్తంభం, ఆ స్తంభంలో ఆగకుండా తిరిగే రబ్బరు బెల్టు. బెల్టు కింద నుంచి విద్యుదావేశాన్ని మోసుకెళ్లి గోళం మీద దింపి వస్తుంది. దింపినకొద్దీ పేరుకుంటుంది. పక్కన చిన్న గోళం పెడితే మధ్యలో గాలి తట్టుకోలేక తెగుతుంది, చటుక్కున మెరుపు. పొడి గాలి ఒక సెంటీమీటరు మేర తెగాలంటే సుమారు 30,000 వోల్టులు కావాలి. అందుకే చూపించేవాడికి అది భలే వస్తువు. మెరుపు పొడవే కొలత. వోల్టులు ఎన్ని వేలున్నా ప్రవహించే విద్యుత్తు అత్యల్పం కాబట్టి ఝల్లుమనడం తప్ప ప్రమాదం ఉండదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అది చెప్పకుండా ప్రదర్శన మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పొద్దున ఖాళీ హాలులో పరీక్షించాను. ఎనిమిది సెంటీమీటర్ల మెరుపులు పటపటమని వచ్చాయి. నిర్వాహకుడు చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది.

సాయంత్రానికి హాలు కిక్కిరిసింది. తడిసిన గొడుగులు, తడిసిన చెప్పులు, తడిసిన పిల్లలు. శిల్పాలకు తేమ తగలకూడదని కిటికీలన్నీ మూసేశారు. ముందుగా ప్రసంగాలు. సైన్స్ ఉత్సవంలో ప్రసంగాలు ఎందుకో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. విజ్ఞానం గొప్పదని నలభై నిమిషాల పాటు నలుగురు చెప్పారు. వచ్చినవాళ్లు ఆ సంగతి ఒప్పుకునే కదా వానలో తడుస్తూ వచ్చారు! ప్రసంగించేవాళ్లు ఎక్కువ, చూపించేవాళ్లు తక్కువ ఉన్న ఉత్సవం పిల్లలను సైన్సుకు దూరం చేస్తుందని నా గట్టి నమ్మకం. దీనికి రుజువు అడగకండి, వెనక వరుసల్లో ఆవలింతలు నేను లెక్కపెట్టాను.

నా వంతు వచ్చింది. పొడవాటి జుట్టున్న ఒక అమ్మాయిని ప్లాస్టిక్ పీట మీద నిలబెట్టి, గోళం మీద చెయ్యి పెట్టమన్నాను. మోటారు వేశాను. బెల్టు తిరుగుతోంది. జుట్టు కదల్లేదు. ఒక నిమిషం గడిచింది. నుదుటి మీద ఒక పాయ కొద్దిగా లేచినట్టే లేచి, మనసు మార్చుకుని పడుకుంది. అమ్మాయిని దింపి చిన్న గోళం దగ్గరికి జరిపాను. మూడు సెంటీమీటర్లు, ఏమీ లేదు. రెండు, ఏమీ లేదు. దాదాపు ఆనించినంత దగ్గరికి తెస్తే, గడియారం ముల్లు కదిలినట్టు ‘టిక్’ మంది. అంతే.

“అంకుల్, ఇది పాడైందా?” అని ముందు వరుసలోంచి ఒకడు.

నిర్వాహకుడు నా చెవిలో “ఆపేసి పొడి మంచు చూపించేయండి సార్, పొగ ఎప్పుడూ మోసం చేయదు” అన్నాడు. పొడి మంచు అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, నీళ్లలో వేస్తే తెల్లగా పొగలు కక్కుతుంది. నిజానికి ఆపేసేవాణ్ణే. అంతలో మూడో వరుస వెనక గోడకు ఆనుకుని, భుజాన రెండు స్కూలు సంచులు వేసుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ అంది:

“ఇంత చెమ్మలో అది ఎలా వస్తుందయ్యా? మా మిల్లులో అది రాకూడదనే కదా గాలిలోకి నీళ్లు చల్లేవాళ్లు!”

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ సంచులు సర్దుకుని కాస్త మొహమాటపడింది. ముందుకు రమ్మని పిలిచాను. నూలు మిల్లులో చాలాకాలం పనిచేసిందట. పాలిస్టర్ కలిపిన నూలు నడిపే రోజుల్లో గాలి పొడిబారితే పీచు ఒకదాన్నొకటి తోసుకుని విచ్చుకుంటుందని, రోలర్లకు చుట్టుకుంటుందని, పోగులు తెగుతాయని, ఇనుప చట్రం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుందని చెప్పింది. అందుకే మిల్లులో తేమను కొలిచి మరీ నిలబెడతారు. “మీకు కావలసింది మాకు అక్కర్లేనిది. మాకు కావలసినదేమో మీ హాలులో నిండా ఉంది” అంది.

స్థిర విద్యుత్తు గురించి ఇంతకంటే చక్కని వాక్యం నేను ఏ పాఠంలోనూ వినలేదు.

ఇక హాలు నా చేతిలో లేదు. చెమ్మ ఎక్కడ పట్టిందన్నది ప్రశ్న. బెల్టు మీద అన్నాడొకడు. స్తంభం మీద అంది ఇంకో అమ్మాయి. “మన ఊపిరి” అన్నారు వెనకనుంచి ఎవరో, అందరూ నవ్వారు. కానీ ఆ మాట నిజమే. వందల మంది ఊపిరి, తడి బట్టలు, మూసిన కిటికీలు. ప్లాస్టిక్ స్తంభం మీద కంటికి కనిపించని పలుచని నీటి పొర పడితే చాలు, పైన పేరుకోవలసిన ఆవేశమంతా దాని మీదుగా నిశ్శబ్దంగా కిందికి జారిపోతుంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. మోటారు పోస్తూనే ఉంటుంది, కుండ నిండదు.

పొడి గుడ్డతో స్తంభం తుడిచాం. ‘టిక్’ కాస్తా ‘టక్’ అయింది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే బాగుండునని నేను గొణుక్కుంటే, ఒక కుర్రాడు పరుగెత్తి నాటకశాల మేకప్ గదిలోంచి తెచ్చేశాడు. వెనకాలే సగం మీసం అంటించుకున్న నటుడొకాయన, తన డ్రయ్యర్ ఏమైపోతుందోనని వచ్చి, చివరిదాకా అక్కడే ఉండిపోయాడు. స్తంభానికి కింద నుంచి పైదాకా వెచ్చని గాలి పట్టాను. చేత్తో రోలరు తిప్పుతూ బెల్టు ఆరబెట్టాను. ఈలోగా జనంలో సగంమంది వరండాలోకి వెళ్లాలని వాళ్లలో వాళ్లే తీర్మానించుకున్నారు. ఎవరు వెళ్లాలన్న దాని మీద చిన్న గొడవ కూడా అయింది.

మోటారు వేశాను. మూడు సెంటీమీటర్ల దూరంలో పటుక్కున నీలి గీత. హాలు దద్దరిల్లింది. వరండాలో ఉన్నవాళ్లు తలుపుల దగ్గరికి ఎగబడ్డారు.

ఇక్కడితో కథ ముగిస్తే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది. కానీ “పాడైందా” అని మొదట అడిగిన కుర్రాడు మళ్లీ చెయ్యెత్తాడు. “అంకుల్, మీరు డ్రయ్యరూ పెట్టారు, జనమూ బయటికి వెళ్లారు. రెండూ ఒకేసారి చేశారు కదా. మెరుపు దేనివల్ల వచ్చిందో ఎలా చెబుతారు?”

నిజమే, ఎలా చెబుతాను? ప్రయోగశాలలో ఇన్నేళ్లు పనిచేసి, ఒకసారి ఒక్కటే మార్చాలన్న మొదటి సూత్రాన్ని చప్పట్ల మోజులో మరిచిపోయాను. అందరినీ మళ్లీ లోపలికి పిలిచాం. స్తంభం ఇంకా వెచ్చగా ఉంది, మెరుపు తగ్గలేదు. పావుగంట ఆగి చూస్తే రెండు సెంటీమీటర్లకు దిగింది. “చూశావా, జనం వల్లే” అన్నాను. “స్తంభం చల్లారింది కదా!” అన్నాడు వాడు. కాపలాదారు తాళాలు గలగలలాడిస్తూ వచ్చి మా వాదం ఆపాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. వచ్చినట్టే వచ్చి పక్కదారి పడితే క్షమించాలి.

విద్యుత్తును నలుగురి ముందు చూపించడం కొత్తగా పుట్టిన వేడుకేమీ కాదు. 1730లో స్టీఫెన్ గ్రే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఒక బాలుణ్ణి పట్టుతాళ్లతో వేలాడదీసి, రుద్దిన గాజుగొట్టంతో ఆవేశం ఎక్కిస్తే, తేలికైన లోహపు రేకు తునకలు వాడివైపు ఎగిరి వచ్చాయి. పట్టుతాడు ఆవేశాన్ని జారనివ్వదు, నా ప్లాస్టిక్ పీట చేసే పని అదే. 1746లో నొలే అనే ఫ్రెంచి మతాచార్యుడు రాజు ఎదుట 180 మంది రాజభటులను చేతులు పట్టించి నిలబెట్టి, ఆవేశాన్ని నిల్వచేసే గాజుపాత్ర అయిన లైడెన్ జాడీ నుంచి దాన్ని వాళ్ల గుండా పంపితే అందరూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు. రాజుకు వినోదం, నొలేకు ప్రయోగం. మరి భటులకు? వాళ్ల అభిప్రాయం ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఆ హాలులో విద్యుత్తు గురించి ఒంటితో తెలుసుకున్నది వాళ్లే. మన ఉత్సవాలలో చాలావరకు అందరినీ రాజు కుర్చీలో కూర్చోబెడుతున్నారు. భటుల వరుసలోకి రానివ్వడం లేదు.

1851లో ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లోని పాంథియోన్ అనే పెద్ద భవనం గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీశాడు. అదీ సైన్స్ కోసం కట్టిన భవనం కాదు. అక్కడ పొగ లేదు, మెరుపు లేదు. గుండు ఊగే దిశ గంటకు సుమారు 11 డిగ్రీలు తిరుగుతుంది. అది చూడాలంటే నిలబడాలి. నిలబడగా నిలబడగా, తిరుగుతున్నది గుండు కాదు, కాళ్లకింద నేల అని తోస్తుంది. ఈ రోజుల్లో ఏ నిర్వాహకుడికైనా ఈ ఆలోచన చెప్పి చూడండి. “మూడు నిమిషాల్లో అయిపోతుందా సార్?” అంటాడు.

మ్యూజియంల మీద నా అసలు కోపం మీటల గురించి. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, దీన్ని ‘స్వయంగా చేసి చూడటం’ అంటారు! మా ఇంట్లోనూ మీట నొక్కితే దీపం వెలుగుతుంది. అందులో సగం మీటలు పనిచేయవు, వాటి మీద ‘మరమ్మతులో ఉన్నది’ అన్న కాగితం పసుపురంగుకు తిరిగి ఉంటుంది. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతికశాస్త్రవేత్త అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎక్స్‌ప్లొరటోరియం’ అనే సైన్స్ మ్యూజియం తెరిచినప్పుడు, 1915 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన లలితకళల భవనంలోనే తెరిచాడు. వచ్చినవాళ్లు వస్తువులను పట్టుకుని ఆడించి చూడాలన్నది ఆయన పద్ధతి. ఎక్కువమంది ఆయన దగ్గర నేర్చుకున్నది మీట ఒక్కటే, ఆట కాదు.

రెండో కోపం, ఈ ఉత్సవాలను పిల్లల పండుగలని తీర్మానించేయడం. పెద్దవాళ్లు సంచులు మోయడానికి, ఫొటోలు తీయడానికి వస్తారని నిర్వాహకుల లెక్క. ఆ రోజు హాలులో తేమ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి కుర్చీ లేదు. మనవల సంచులు పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. నేను పాఠం ఒప్పజెబుతున్నంతసేపూ ఆవిడ నా యంత్రాన్ని చూస్తూనే ఉండి ఉంటుంది. నేనే ఆవిడను చూడలేదు. అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా మొదట వెనక గోడ దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడ్డవాళ్లను మీరేం పని చేస్తారని అడుగుతున్నాను. బట్టీలో పనిచేసేవాళ్లు, నీటి పంపులు బాగుచేసేవాళ్లు, దర్జీలు తగిలారు. ఒక్కరు కూడా వట్టి చేతులతో రాలేదు.

ఆ ఉత్సవం నివేదిక తరువాత నా చేతికి వచ్చింది. పొడి మంచు ప్రదర్శనకు ‘విశేష స్పందన’ అని రాశారు. నా యంత్రం పక్కన ‘సాంకేతిక లోపం వల్ల ఆలస్యం’ అని ఉంది.

వచ్చే నెలలో అదే హాలులో మళ్లీ ఉత్సవం. తప్పకుండా పనిచేసే వస్తువే తెమ్మని ఈసారి మరీ మరీ చెప్పారు. నేను వాన్ డి గ్రాఫే తీసుకెళుతున్నాను. దానితోపాటు గాలిలో తేమ కొలిచే పరికరం ఒకటి కొన్నాను, ఆ నటుడి డ్రయ్యర్ కూడా ముందే అడిగి పెట్టుకున్నాను. ఆ కుర్రాడు వస్తే పరికరం వాడి చేతికిచ్చి, మొదట డ్రయ్యర్ ముట్టుకోకుండా జనాన్ని మాత్రమే బయటికి పంపుతాను. వాడికి నేనింకా ఒక జవాబు బాకీ ఉన్నాను.