తండ్రికి సృష్టి, కుమారుడికి రక్షణ అని పంచేయకు

చిరంజీవి తమ్ముడి కొడుక్కి, ప్రభువు నామంలో శుభాలు.

యూత్ రిట్రీట్‌లో ‘సృష్టిలో త్రిత్వం’ అనే అంశం నీకిచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పాడు. పడాల్సిందేరా. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కడే దేవుడనే ఈ త్రిత్వం గురించి మాట్లాడమంటే ఎగిరి గంతేసేవాడు దాన్ని సరిగ్గా చదవలేదని నా లెక్క. రిటైరయ్యేదాకా సంఘాల్లో పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. పనికొచ్చినవి వాడుకో.

అన్నిటికంటే ముందు, నీ ఎదుట కూర్చునేవాళ్ల బుర్రల్లో ఇప్పటికే ఒక డ్యూటీ చార్ట్ ఉంటుందని గుర్తుపెట్టుకో. తండ్రి లోకాన్ని చేశాడు, కుమారుడు రక్షించాడు, పరిశుద్ధాత్మ ఇప్పుడు సంఘాన్ని నడిపిస్తున్నాడు. ఏ ముక్కకా ముక్క తప్పు కాదు. మూడూ కలిపి చూస్తేనే ఎవరి పని వాళ్లు చూసుకునే ముగ్గురు కనిపిస్తారు. లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజంలో, అంటే ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలో, మనం నమ్మేది ఇదీ అని ఒప్పుకునే విశ్వాస ప్రమాణాన్ని సృష్టి, విమోచన, పరిశుద్ధపరచుట అని మూడు భాగాలుగా వివరించాడు. బట్టీ పట్టడానికి అది బాగానే ఉంటుంది కానీ, మన లూథరన్ ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఆ మూడు శీర్షికలే మిగిలిపోతాయి. నీ గంట క్లాసులో ఆ చార్ట్ చెరిపేస్తే చాలు. సృష్టి అంటే ముగ్గురూ తలా కొంత చేసిన పని కాదు, ఒక్క దేవుడు చేసిన ఒక్క పని. తండ్రి నుంచి, కుమారుడి ద్వారా, ఆత్మలో.

నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ జోలికి పోకు. అది చెబితే ఒకే దేవుడు మూడు వేషాలు మార్చాడని అర్థమవుతుంది. మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ పేరుతో ఆ బోధ వచ్చింది, సంఘం దాన్ని తోసిపుచ్చింది. పెంకు, తెల్లసొన, పచ్చసొన అనే గుడ్డు ఉదాహరణ ఇంకా ఘోరం, దేవుణ్ణి మూడు ముక్కలు చేస్తుంది. వాక్యాలతోనే మొదలుపెట్టు. నలుగురు పిల్లల్ని లేపి ఆదికాండం 1:1-3, కీర్తన 33:6, యోహాను 1:1-3, 1 కొరింథీయులకు 8:6 పెద్దగా చదివించు. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో నీ వ్యాఖ్యానం లేకుండా. దేవుడు, ఆయన పలికిన మాట, జలాల మీద అల్లాడిన ఆత్మ. కీర్తనకారుడి దగ్గరికి వచ్చేసరికి వాక్కు, నోటి ఊపిరి. యోహాను దగ్గర ఆ వాక్యం దేవుడే. వినేవాళ్లు దారాన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు.

కొరింథు పత్రిక దగ్గర మాత్రం ఆగు, తొందరపడకు. పౌలు ఆ మాట రాసింది ఏదో వేదాంత చర్చలో కాదు. విగ్రహాలకు అర్పించినవి తినొచ్చా తినకూడదా అని ఆ సంఘంలో గొడవ. పక్కింటివాళ్లు ప్రసాదం తెచ్చిస్తే పుచ్చుకోవాలా వద్దా అని మన ఇళ్లలో ఏటా వినాయక చవితికి నడిచే పంచాయితీయే కాబట్టి పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. ఆ తిండి గొడవకు జవాబు చెబుతూ పౌలు ఏకంగా సృష్టి దాకా వెళ్లాడు. మనకు ఒక్కడే దేవుడు, తండ్రి, ‘ఆయననుండి సమస్తమును కలిగెను’. ప్రభువు ఒక్కడే, యేసుక్రీస్తు, ‘ఆయనద్వారా సమస్తమును కలిగెను’. ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 6:4 తీయించు. ‘ఇశ్రాయేలూ వినుము’ అని భక్తిగల యూదులు పొద్దునా సాయంత్రం చెప్పుకునే మాట అది. దేవుడు ఒక్కడే అనే ఆ ఒప్పుకోలు లోపలే పౌలు తండ్రినీ యేసునూ ఇద్దరినీ పెట్టాడని చాలామంది బైబిలు పండితులు అంటారు. అతను రెండో దేవుణ్ణి పక్కన చేర్చలేదు. ఈ పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 55లో, అంటే సిలువ తర్వాత పాతికేళ్లు కూడా దాటలేదు. ‘325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓటింగ్ పెట్టి యేసును దేవుణ్ణి చేశాడు’ అనే వాట్సాప్ మెసేజ్ నీ క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. ఈ తేదీ గుర్తుంటే నువ్వు గొంతు పెంచాల్సిన పనుండదు. ఒక్క మాట, ఈ వచనంలో ఆత్మ ప్రస్తావన లేదు. ఉన్నట్టు చెప్పకు. దానికి వేరే వచనాలున్నాయి, కింద రాస్తాను.

నైసియా పేరు ఎలాగూ వస్తుంది కాబట్టి అక్కడ అసలు ఏం జరిగిందో చెప్పు. ఇప్పుడది టర్కీలోని ఇజ్నిక్. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ప్రెస్బిటర్‌గా, అంటే సంఘ పెద్దగా ఉన్న అరియస్ కూడా లోకం కుమారుడి ద్వారానే కలిగిందన్నాడు. అయితే ఆ కుమారుణ్ణి దేవుడు అందరికంటే ముందు చేశాడని, ఆయన లేని సమయం ఒకటుందని అన్నాడు. అంటే అసలు తగువు సృష్టి గురించే. చేసినవాడు, చేయబడినవి అని మధ్యలో గీత గీస్తే కుమారుడు ఏ వైపు? సభ ఆయన్ని చేసినవాడి వైపే నిలిపింది. ఆ తర్వాత అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఏళ్ల తరబడి పోరాడింది కూడా దీనికోసమే, సృష్టించబడినవాడు తోటి సృష్టిని రక్షించలేడని. 325 నాటి ప్రమాణంలో పరిశుద్ధాత్మ గురించి ‘నమ్ముచున్నాము’ అన్న చిన్న మాటే ఉంది. ఆయన జీవమిచ్చే ప్రభువు అనేది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో వచ్చింది. గుడిలో ‘నైసియా ప్రమాణం’ అని మనం చదివేది ఆ రెండోదే.

కొలొస్సయులకు 1:15లో ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’ అని ఉంది కదా, కాబట్టి ఆయన మొదట పుట్టిన సృష్టే కదా అని ఎవరైనా అడగొచ్చు. యేసు సృష్టించబడినవాడనే యెహోవాసాక్షులు ఇంటికొచ్చినప్పుడు చూపించే వచనాల్లో ఇదొకటి. అడిగినవాణ్ణి చిన్నబుచ్చకు, న్యాయమైన ప్రశ్నే. కింది రెండు వచనాలు వాడిచేతనే చదివించు. సర్వమూ ఆయనయందు సృజింపబడింది, ఆయన అన్నిటికంటే ముందుగా ఉన్నవాడు. సర్వమూ ఆయనలో కలిగిందంటే ఆయన ఆ సర్వంలో ఒకటి కాలేడు. అంతకుమించి లాగకు.

‘మన స్వరూపమందు నరులను చేయుదము’ అనే ఆదికాండం 1:26తో క్లాసు మొదలుపెట్టాలని నీకు ఉబలాటంగా ఉంటుంది. వద్దు. అగస్టీన్ లాంటి తొలినాళ్ల సంఘ పితరులు అక్కడ త్రిత్వాన్ని చూశారు, నిజమే. యూదులు మాత్రం దేవుడు తన దూతల సభతో అన్న మాటగా చదువుతారు, ఈనాటి క్రైస్తవ పండితుల్లోనూ చాలామంది అటే మొగ్గుతున్నారు. త్రిత్వ బోధ ఆ ఒక్క ‘మన’ మీద ఆధారపడి లేదు. యోహానునూ పౌలునూ చదివాక వెనక్కి వచ్చి చూపించు, అప్పుడు ఎవరూ అభ్యంతరం పెట్టరు.

ఏదో ఒక బొమ్మ లేకుండా చెప్పలేనంటావా, ఇరేనియస్ దగ్గర తీసుకో. లియోన్ బిషప్పు, రెండో శతాబ్దం. ఈ లోకం పాడుది, దీన్ని ఎవరో తక్కువ స్థాయి దేవుడు చేశాడు అనే బోధకులతో ఆయనకు పేచీ. దేవుడికి లోకాన్ని చేయడానికి దూతల సాయం అక్కర్లేదు, ఆయనకు తన సొంత రెండు చేతులున్నాయి, కుమారుడూ ఆత్మా, అన్నాడాయన. మనిషిని మట్టితో మలిచిన చేతులవి. దేవుడు ఈ మట్టిని చీదరించుకోలేదని చెప్పడమే ఇరేనియస్ ఉద్దేశం. చేతులంటే పనిముట్లని ఎవరైనా అనుకోబోతే వెంటనే అడ్డుకో.

‘నుంచి, ద్వారా, లో’ అని పైన రాశాను కదా, దానికీ ఒక జాగ్రత్త ఉంది. తండ్రి నుంచి, కుమారుడి ద్వారా అంటున్నారంటే కుమారుడు ఒక మెట్టు కిందే అన్నమాట అని నాలుగో శతాబ్దంలో కొందరు వాదించారు. కైసరయ బిషప్పు బాసిల్ సుమారు 375లో పరిశుద్ధాత్మ మీద పుస్తకం రాసింది వాళ్లకు జవాబుగానే. లేఖనం ఈ మాటల్ని అటూ ఇటూ మార్చి వాడుతుందని చూపించాడు. రోమా 11:36 చూడు, అన్నీ ఒకే దేవుడికి చెప్పారు. అదే పుస్తకంలో ఆయన తండ్రిని మూలకారణమనీ, కుమారుణ్ణి నిర్మించేవాడనీ, ఆత్మను పూర్తిచేసేవాడనీ అన్నాడు. వెంటనే, మూలాలు మూడున్నాయని అనుకోవద్దనీ, కుమారుడి పనిలో లోటుందని అనుకోవద్దనీ హెచ్చరించాడు. ఈ హెచ్చరిక వదిలేసి మొదటి వాక్యం ఒక్కటే స్లైడ్ మీద వేసేవాళ్లున్నారు. నువ్వు అలా చేయకు.

స్లైడ్లంటే గుర్తొచ్చింది. మన సండే స్కూల్ చార్టుల్లో సృష్టికర్త అంటే తెల్ల గడ్డం ముసలాయన. ఆ బొమ్మ మైకెలాంజెలో దగ్గర్నుంచి అందరికీ అలవాటైపోయింది. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి ముందుమంటపం గుమ్మటం ఫోటో వెతికి చూపించు. చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన 13వ శతాబ్దపు మొజాయిక్, సృష్టి కథంతా గుండ్రంగా వరసల్లో ఉంటుంది. అక్కడ లోకాన్ని చేస్తున్నది గడ్డం మీసం లేని యువకుడు, తల వెనక వెలుగు వలయంలో సిలువ. అంటే క్రీస్తు. ఎదురుగా రెక్కలున్న ఆడరూపాలు నిలబడి ఉంటాయి. మొదటి రోజుకు ఒకటి, రెండో రోజుకు రెండు, అలా రోజుకొకటి పెరుగుతుంటాయి. జలాల మీద పావురం కూడా ఉంటుంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా చూడనివ్వు.

‘మాకూ త్రిమూర్తులున్నారు కదా, అదేనా ఇది?’ అని కాలేజీలో స్నేహితులు అడుగుతారని పిల్లలు చెబుతారు. అదే ఇది అని కలిపేయకు, ఎగతాళీ చేయకు. అందరికీ తెలిసిన కథలో బ్రహ్మ సృష్టిస్తాడు, విష్ణువు పోషిస్తాడు, శివుడు లయం చేస్తాడు, పనులు వేరువేరు. మనం చెప్పేది పనులు పంచుకోని దేవుణ్ణి. అయితే ఇందాకటి డ్యూటీ చార్ట్ పట్టుకుని కూర్చున్నవాడికి ఈ తేడా చెప్పే హక్కు లేదు, ఆ మాట కూడా పిల్లలతో అను.

డైనోసార్ల ప్రశ్న వస్తే ఇంకో క్లాసుకు నెట్టెయ్. దానిలో దిగితే గంట అక్కడే అయిపోతుంది.

ఆత్మ వచనాలు యోబు 33:4, కీర్తన 104:30. నన్నడిగితే ఆఖరి పది నిమిషాలు ఆ 104వ కీర్తనకే ఇచ్చేయ్. ముప్పై అయిదు వచనాలూ చదివించు. కొండల్లో ఊటలు, పశువులకు గడ్డి, రాత్రిపూట గర్జించే కొదమసింహాలు, ఓడలు తిరిగే సముద్రం, వీటన్నిటి తర్వాత ఆ ముప్పయ్యో వచనం వస్తుంది, ‘నీవు నీ ఊపిరి విడువగా అవి సృజింపబడును’. ఎప్పుడో జరిగి ముగిసిపోయిన పని గురించి కాదు ఆ కీర్తన. హెబ్రీ 1:3లో కుమారుడు సమస్తాన్నీ నిర్వహిస్తున్నాడన్నదీ జరుగుతున్న పని గురించే. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు.

నోట్స్ రాసుకున్నాక శుక్రవారం లోపు నాకు పంపు, చూస్తాను. టైప్ చేసే తీరిక లేకపోతే చేత్తో రాసిందే ఫోటో తీసి పెట్టు, అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా రాయి. అమ్మానాన్నలకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న