ఉద్యోగం చేస్తూ చదవాలంటే "ఫ్లెక్సిబుల్" ఒక్కటే సరిపోదండీ

రొటేషన్ షిఫ్టుల్లో పనిచేస్తూ, ముప్పై దాటాక, "మీకు వీలున్నప్పుడే చదువుకోండి" అనే కోర్సులో చేరితే డిగ్రీ పూర్తవుతుందా అని అడిగారు. అవుతుంది. కాకపోతే ఆ "వీలున్నప్పుడు" అన్న మాట ఒక్కటే చూసి చేరకండి. నేను ఆస్పత్రి ల్యాబులో షిఫ్టులు చేస్తూ, ఇంట్లో చిన్నపిల్లతో డిగ్రీ పూర్తి చేసిన మనిషిని, కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది, ఏమనుకోకండి.

అసలు మనలాంటి వాళ్ళకి వీలు అనేది ఎక్కడుందండీ? డ్యూటీ పోగా మిగిలిన టైము నిద్రకి, ఇంటి పనికి, ఎవరికో జ్వరం వస్తే వాళ్ళకి పోతుంది. వీడియో ఎప్పుడైనా చూసుకోవచ్చు అని వాళ్ళు చెప్తే, ఈరోజు చూడకపోయినా ఏం కాదులే అని మనం అర్థం చేసుకుంటాం, రేపూ అదే పాట. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడెక్స్ అనే ఆన్‌లైన్ సైటులో వాళ్ళ కోర్సుల లెక్కలు చూడండి, 2017-18లో చేరినవాళ్ళలో చివరిదాకా పూర్తి చేసింది సుమారు 3 శాతం. అంత పెద్ద ప్రొఫెసర్లు, అంత బాగా తీసిన వీడియోలు, నచ్చిన టైములో చూసుకునే స్వేచ్ఛ, అన్నీ ఉండి 3 శాతం! ఊరికే చూసి పోదామని చేరేవాళ్ళు కూడా అందులో ఉంటారనుకోండి, అయినా సరే.

నన్ను గట్టెక్కించింది టైమ్‌టేబుల్ కాదు, ఒక ట్యూటర్ మేడమ్. స్టాటిస్టిక్స్ పేపర్లో స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ఆగిపోయాను. నైట్ డ్యూటీ దిగొచ్చి రికార్డెడ్ క్లాసు పెడితే ఆ సారు స్లైడు మీద ఉన్నదే చదువుతున్నాడు, స్లైడు మీద ఉన్నదే పుస్తకంలో ఉంది, మూడు చోట్లా ఒకటే వాక్యం (ఇలాంటి వీడియోలకి జీతాలు ఎందుకిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు, పుస్తకం చదవడం నాకొచ్చు కదా). అసైన్‌మెంట్ గడువు దాటిపోయింది. ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, అసైన్‌మెంట్ రాలేదు, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందండీ మేడమ్, ఈ పేపరు నావల్ల కాదు, వదిలేద్దామనుకుంటున్నా."

"సరే వదిలేద్దువుగాని. ముందు ఇది చెప్పు, మీ ల్యాబులో రిపోర్టు ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది?"

సగటున నలభై నిమిషాలండీ అన్నాను. పగలు ఒక అయిదు శాంపిళ్ళు, రాత్రి ఒక అయిదు శాంపిళ్ళు టైము రాసుకుని మళ్ళీ ఫోన్ చెయ్యమంది. రాసుకుని చేశాను. పగటివి 38, 39, 40, 41, 42. రాత్రివి 10, 20, 40, 60, 70, ఎందుకంటే రాత్రి ఒక్కడే టెక్నీషియన్, ఎమర్జెన్సీ వస్తే మిగతావన్నీ పక్కకి పోతాయి. రెండింటి సగటూ 40 నిమిషాలే.

"సగటు ఒకటేగా, మరి పేషెంట్ల వాళ్ళు ఎవర్ని తిడతారు?" అని అడిగింది.

"రాత్రి వాళ్ళనేనండీ."

"ఆ తిట్లకి నంబర్ వేస్తే అదేనమ్మా స్టాండర్డ్ డీవియేషన్."

నవ్వొచ్చింది నాకు. ఇక ఫోన్లోనే లెక్క చేయించింది, ఒక్కో టైము 40కి ఎంత దూరంలో ఉందో తీసి, దాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, అయిదుతో భాగించి, వర్గమూలం తియ్యమంది. పగటికి 1.4 వచ్చింది, రాత్రికి దాదాపు 23, అంటే రాత్రి టైములు సగటు నుంచి అంత ఎక్కువ చెదిరిపోయాయన్నమాట. అన్ని రిపోర్టులూ కాకుండా ఇలా కొన్నే తీసుకుని లెక్కేస్తే అయిదుకి బదులు నాలుగుతో భాగించాలనే సంగతి తర్వాత చెప్తాలే, ఇప్పుడు బుర్ర పాడుచేసుకోకు అంది. ఆ రాత్రే అసైన్‌మెంట్ రాసి పంపించాను, లేటుగా తీసుకుంది, మార్కులు కొంచెం కోసింది, కొయ్యాలి కూడా. మాల్కమ్ నోల్స్ అని అమెరికాలో పెద్దవాళ్ళ చదువు గురించి రాసిన ఆయన చెప్పేదీ ఇదే, పెద్దవాళ్ళు ఖాళీ బుర్రతో రారు, వాళ్ళ అనుభవమే పాఠానికి ముడిసరుకు అని. ఆ మేడమ్ నోల్స్‌ని చదివిందో లేదో గానీ పని మాత్రం అదే చేసింది.

దూరం నుంచి చదవడం కొత్తేం కాదు. లండన్ యూనివర్సిటీ 1858లోనే బయటివాళ్ళు ఎక్కడ చదువుకున్నా సరే వచ్చి పరీక్ష రాసి డిగ్రీ తీసుకోవచ్చని తలుపు తీసింది, చదువు సంగతి మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. బ్రిటన్లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో పుట్టి 1971లో క్లాసులు మొదలుపెట్టింది, అందరూ దాని టీవీ పాఠాల గురించే చెప్తారు. అసలు కిటుకు టీవీ కాదు, అసైన్‌మెంట్ దిద్ది పక్కన కామెంట్లు రాసిచ్చే ట్యూటర్లు, స్టడీ సెంటర్లు. ఇప్పుడు కోర్సులు అమ్మేవాళ్ళు టీవీ స్థానంలో యాప్ పెట్టి ట్యూటర్ని పీకేశారు, అదీ నా బాధ.

ఇంకో బాధ ఆఫీసులది. కొత్త స్కిల్స్ నేర్చుకోండి అని నెలనెలా మెయిల్ పెడతారు, పరీక్ష రోజు లీవ్ అడిగితే మాత్రం షార్టేజీ ఉందంటారు. కాలేజీ వాళ్ళ "మీరు సాధించగలరు!" మెయిళ్ళు ఇంకో రకం, డౌటు అడుగుతూ దానికే రిప్లై ఇస్తే ఈ అడ్రసుకి రాయకండి అని వస్తుంది. క్లాస్ గ్రూపులో అయితే గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ ఉండవు.

ఎలా చదవాలని కూడా అడిగారు కదా, ఆదివారం మొత్తం కూర్చుంటాను అనే ప్లాన్ పెట్టుకోకండి. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు, ఒకేసారి రుద్దేకన్నా రోజుల మీద పంచుకుని చదివితే బాగా గుర్తుంటుందని. డ్యూటీకి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు, అది కూడా పుస్తకం మూసేసి నిన్నటిది గుర్తు చేసుకుంటూ రాయడం. నాకు పనిచేసింది ఇదే, మీకూ చేస్తుంది.

చేరేముందు ఫీజు కన్నా ముందు ఇవి అడగండి. నేను నెలరోజులు కనిపించకపోతే ఎవరు ఫోన్ చేస్తారు? ఆ మనిషి పేరు చెప్పగలిగితే మంచి చోటే, "మా సపోర్ట్ టీం ఉంటుంది" అంటే అనుమానించండి. అసైన్‌మెంట్ దిద్ది వెనక్కి ఇవ్వడానికి ఎన్ని రోజులు, అందులో మార్కే ఉంటుందా, ఎక్కడ తప్పో కూడా రాస్తారా? మీది రొటేషన్ డ్యూటీ అన్నారు కాబట్టి పరీక్ష రోజు నైట్ పడితే తర్వాతి సెషన్‌కి మార్చుకోవచ్చా, అలా మార్చుకుంటే అప్పటిదాకా వచ్చిన అసైన్‌మెంట్ మార్కులు ఉంటాయా పోతాయా, ఇది మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. అడ్మిషన్ల వాళ్ళు ఫోన్లో అన్నిటికీ అవుననే అంటారు, చేరాక ఆ నంబరు ఎత్తరు.