ఈతకొలనుకు కాంక్రీటు పోయించేముందు: మేనకోడలికి లేఖ

తార్నాక, హైదరాబాదు

చి॥ సౌ॥ మాధవికి మామయ్య ఆశీస్సులు.

నార్సింగిలో మీరు కట్టుకుంటున్న ఇంటి ఈతకొలనుకు అడుగున కడ్డీలు కట్టడం పూర్తి కావచ్చిందనీ, వచ్చే వారం కాంక్రీటు పోయబోతున్నారనీ, ఆ పని సరిగా జరిగిందో లేదో ఇంజనీర్లు కానివాళ్ళు ఎలా తెలుసుకోవాలనీ అడిగావు. పోయించేముందే అడగడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. గట్టిపడిన కాంక్రీటును పరీక్షించే పద్ధతులు చాలానే ఉన్నాయి గాని, అవి తప్పును చూపిస్తాయే తప్ప దిద్దలేవు. కొలను మంచిచెడ్డలు పోసే ఆ కొన్ని గంటల్లోనూ, ఆ తరువాత రెండు వారాలు దానిని తడిగా ఉంచడంలోనూ దాదాపుగా తేలిపోతాయి.

"పైన వాటర్ ప్రూఫింగ్ చేస్తాము కదా" అని మీ కాంట్రాక్టరు అన్నాడని రాశావు. ఆ మాటను ఒప్పుకోవద్దు. కొలనులో నీటిని నిలపవలసింది కాంక్రీటే. పూత, టైల్సు దానికి అదనపు రక్షణ మాత్రమే. గుల్లబారిన కాంక్రీటులోకి నీరు దిగితే లోపలి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చుట్టూ ఉన్న కాంక్రీటు పగిలి ఊడివస్తుంది, ఇదంతా టైల్సు వెనక ఎవరికీ కనబడకుండా జరుగుతుంది.

నీటిని నిలిపే కట్టడాలకు ఐ.ఎస్. 3370, మామూలు ఆర్.సి.సి. (కడ్డీలు వేసిన కాంక్రీటు) పనికి ఐ.ఎస్. 456 అనేవి భారతీయ ప్రమాణాలు. వీటి ప్రకారం కొలనుకు ఎం-30 కంటే తక్కువ గ్రేడు (గ్రేడు అంటే కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె) వాడకూడదు, సిమెంటు బరువులో నీరు 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో సహా నీరు 22.5 లీటర్లకు లోపే ఉండాలి. మీ డ్రాయింగు మీద ఈ రెండూ రాసి ఉన్నాయో లేదో ఈ రోజే చూడు, లేకపోతే డిజైను చేసినవారి చేత రాయించి సంతకం పెట్టించు.

మీ వైపు నేల సంగతి కూడా చెప్పాలి. నార్సింగి, కోకాపేట ప్రాంతాల్లో కొంచెం తవ్వగానే పరుపుబండ తగలడం మామూలు. బండను తొలిచి చేసిన గుంటలో వానకాలపు నీరు ఇంకే దారి లేక అక్కడే నిలుస్తుంది, కొలను ఖాళీగా ఉన్న సమయంలో ఆ నీరు కిందినుంచి ఎత్తితోస్తుంది. అలా అడుగుభాగం పగిలిన కొలనులు, మొత్తంగా పైకి లేచిన కొలనులు కూడా ఉన్నాయి. అందుచేత గుంట పక్కన నీటిని తోడుకునేందుకు ఒక చిన్న సంపు, అక్కడికి నీరు చేరే కంకర పొర లేదా పైపు డిజైనులో ఉన్నాయా అని అడుగు. బండ తొలిచినప్పుడు రాలిన మట్టి, రాళ్ళపొడి ఎత్తివేయకుండా దానిమీదే బెడ్డు కాంక్రీటు (కడ్డీల కింద నేలమీద పరిచే పలుచని పొర) పరిచి ఉంటే, కడ్డీలు విప్పవలసి వచ్చినా సరే, సరిచేయించడమే మేలు.

పోయడానికి ముందురోజు డ్రాయింగు చేతిలో పట్టుకుని కడ్డీల మధ్య నడువు. కడ్డీలను సెంట్రింగ్ పలకలకు, నేలకు ఆనకుండా ఎడంగా నిలిపే కవర్ బ్లాకులకు బదులు కంకరరాళ్ళు పెట్టి ఉంటే తీయించు. కడ్డీకి, కాంక్రీటు పైతలానికి మధ్య ఎంత మందం ఉండాలో డ్రాయింగు చెబుతుంది. తీవ్రమైన పరిస్థితులకు ఐ.ఎస్. 456 చెప్పేది 45 మిల్లీమీటర్లు. కింది కడ్డీల జాలికి, పై జాలికి మధ్య కుర్చీలు (పై జాలిని మోసే వంచిన కడ్డీలు) లేకపోతే మనుషులు తొక్కగానే పై జాలి కుంగిపోతుంది. అడుగు, గోడ కలిసే చోట అతుకులోంచి నీరు కారకుండా ఆపే పట్టీ, అంటే వాటర్ బార్, ఆ చుట్టంతా తెగకుండా, మడత పడకుండా, గోడ మందానికి నడుమ నిలబడి ఉండాలి. అడుగున నీరు పోయే పైపు, గోడలో నీరు వచ్చే పైపులు, దీపాల డబ్బాలు అన్నీ ముందే బిగించి ఉండాలి. తరువాత గోడ పగలగొట్టి పైపు పెడతామంటే ససేమిరా ఒప్పుకోవద్దు, ఎందుకంటే కొలను కారడం చాలాసార్లు ఆ పైపుల చుట్టూనే మొదలవుతుంది.

ఇక పోసే రోజు. మీది 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అన్నావు గనుక, 200 మిల్లీమీటర్ల మందం వేసుకుంటే అడుగుకు ఆరేడు ఘనమీటర్లు, గోడలకు కూడా దాదాపు అంతే పడుతుంది. ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు, అంటే రెడీమిక్స్, లారీ రాగానే డ్రైవరు దగ్గర చలానా తీసుకుని గ్రేడు, ప్లాంటులో నింపిన సమయం చూడు. నింపిన రెండు గంటల్లోగా దింపాలన్నది రెడీమిక్స్‌కు ఉన్న నియమం. అవుటర్ రింగు రోడ్డు దగ్గరే అని ధీమా పడవద్దు. గచ్చిబౌలి మీదుగా వచ్చే లారీకి ట్రాఫిక్‌లోనే ఆ సమయం గడిచిపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ళ పైపు. కాంక్రీటు బిగుతుగా ఉందనీ, జారడం లేదనీ మేస్త్రీ గాని, డ్రైవరు గాని డ్రమ్ములోకి నీళ్ళు వదలడం మన సైట్లలో నిత్యం జరిగే పని. ఆ నీళ్ళు సిమెంటుతో కలవగా మిగిలి, ఆరిపోతూ కంటికి కనబడని సన్నని రంధ్రాలను వదిలి వెళతాయి. కొలను నీరు బయటికి పోయేది ఆ దారుల్లోనే. ఎం-30కి డబ్బు కట్టి దానికంటే తక్కువ గ్రేడు పోయించుకోవడం ఇలాగే జరుగుతుంది. జారుడు కావాలంటే ప్లాంటు తరఫు సాంకేతిక సిబ్బంది తగిన మోతాదులో రసాయనం కలపాలి, అది కూడా చలానా మీద రాయాలి. నీవు డ్రమ్ము పక్కనే నిలబడి, ఒక్క బకెట్ నీళ్ళు పడినా ఆ లారీని వెనక్కి పంపుతానని మొదటే చెప్పు.

ప్రతి లారీకి స్లంప్ పరీక్ష చేయించు. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప శంకువులో కాంక్రీటు నింపి, శంకువును పైకి లాగినప్పుడు ముద్ద ఎంత దిగిందో కొలుస్తారు. ప్లాంటువారు ముందుగా ఒప్పుకున్న అంకెకు అది దగ్గరగా ఉండాలి. కుప్పకూలి కంకర ఒకవైపు, పలుచని సిమెంటు నీరు ఒకవైపు విడిపోతే ఆ లారీ పనికిరాదు. బలం పరీక్షకు నింపే కాంక్రీటు దిమ్మెలను క్యూబులంటారు. వాటిని ప్లాంటులో కాకుండా మీ సైటులో, నీ ఎదుటే, దింపుతున్న కాంక్రీటు నుంచే నింపాలి. 6 నుంచి 15 ఘనమీటర్ల వరకు రెండు నమూనాలు, నమూనాకు మూడు క్యూబుల చొప్పున 28 రోజుల పరీక్షకు కావాలి. 7 రోజుల పరీక్షకు అదనంగా మరికొన్ని నింపించు. వాటిని ఎన్.ఏ.బి.ఎల్. (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు మీరే పంపండి.

కాంక్రీటును అదిరించి గాలి బుడగలు తీసే యంత్రం వైబ్రేటర్. దాని సూదిని నిలువుగా దించాలి, బుడగలు రావడం ఆగాక నెమ్మదిగా తీయాలి. దానితో కాంక్రీటును పక్కకు తోయడం, కడ్డీలకు ఆనించి ఉంచడం చెడ్డ అలవాట్లు. గోడల్లో కాంక్రీటును 1.5 మీటర్లకంటే ఎత్తునుంచి వదలకూడదు, పొరలు పొరలుగా నింపాలి, కింది పొర బిగుసుకోకముందే పై పొర పడాలి. పని మధ్యలో యంత్రం ఆగితే గోడలో అతుకు పడుతుంది కాబట్టి రెండో వైబ్రేటర్ సిద్ధంగా లేనిదే పని మొదలుపెట్టనివ్వవద్దు. మెట్ల కింద, దీపాల డబ్బాల చుట్టూ గుల్ల ఎక్కువగా వస్తుంది. అక్కడ నీ కన్ను ఉంచు.

మన ఎండల్లో తెల్లవారుజామున పోయడమే మంచిది. పైతలం ఆరిపోకుండా వెంటనే పాలిథిన్ కప్పించు, గట్టిపడగానే అడుగుభాగంలో గట్లు కట్టి నీరు నిలబెట్టు, గోడలకు గోనెపట్టాలు చుట్టి రాత్రింబగళ్ళు తడిగా ఉంచు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద (ఫ్లై యాష్) కలిసిన సిమెంటుకు గాని, వేడి పొడి వాతావరణంలో గాని 10 రోజులని ప్రమాణం. నేనైతే 14 రోజులు చేయిస్తాను. బోరు నీరు వాడుతున్నారు గనుక ముందే పరీక్ష చేయించు, క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు.

సెంట్రింగ్ (కాంక్రీటును పట్టి ఉంచే పలకలు) విప్పే రోజు నీవు తప్పక అక్కడ ఉండాలి. యజమాని చూడకముందే గుల్లల మీద సిమెంటు పాలు పూసేయడం కొందరు మేస్త్రీలకు అలవాటు, ఒకసారి పూసేశాక లోపల ఎంత లోతు ఉందో ఎవరూ చెప్పలేరు. ప్రతి గోడను ఫొటో తీయి. కంకర తేలిన చోట్లు, పొరల మధ్య అడ్డగీతలు, బయటపడిన కడ్డీ, సెంట్రింగ్ బిగించిన రాడ్ల రంధ్రాలు గుర్తు పెట్టు. చిన్న సుత్తితో తట్టుతూ పో: గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల బోలు ఉంటే డబడబమంటుంది. మేకుతో గీస్తే పిండిలా రాలితే పైపొర బలహీనంగా ఉందని అర్థం. గుల్ల చిన్నదైనా గట్టి కాంక్రీటు తగిలేవరకు చెక్కి, కుంచించుకుపోని గ్రౌటుతో (సందులు నింపే సిమెంటు మిశ్రమంతో) నింపించాలి. కాంక్రీటుకు ఆనించి కొట్టి చూసే రీబౌండ్ హామర్ పైపొర గురించే చెబుతుంది, లోపలి సంగతికి ధ్వనితరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి. క్యూబులు పరీక్షలో విఫలమైతే చివరి మార్గం కోర్ తీయడం, అంటే గట్టిపడిన కాంక్రీటునుంచి గుండ్రని ముక్క తొలిచి పరీక్షించడం: కోర్ల సగటు నిర్దేశించిన బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

28 రోజుల ఫలితం వచ్చాక, పూతకు ముందు, గోడల వెనక మట్టి నింపకముందు కొలను నింపించు. కాంక్రీటు నీరు పీల్చుకోవడానికి ఒక వారం వదిలి, తరువాతి వారం రోజూ ఒకే వేళకు నీటిమట్టం గుర్తు పెట్టు. మెట్టు మీద ఒక బకెట్‌ను కొలను మట్టానికే నింపి ఉంచితే ఎండకు ఎంత ఆవిరైందో అది చెబుతుంది; కొలనులో అంతకంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. గోడల వెలుపల తడిమరకలు, తెల్లని ఉప్పు కనబడిన చోట్లు సుద్దతో గుర్తించి అక్కడే బాగుచేయించాలి. బాగుచేశాక మళ్ళీ నింపి చూడాలి.

కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన సొమ్ములో తగినంత భాగం ఈ నీటి పరీక్ష, 28 రోజుల క్యూబుల ఫలితం వచ్చేవరకు ఆపి ఉంచే షరతును పోయడానికి ముందే కాగితం మీద రాయించుకోండి. డ్రాయింగు, రెడీమిక్స్ మిశ్రమ వివరాల పత్రం ఈ వారంలోనే నాకు పంపు. నేను చూసి జవాబు రాసేవరకు లారీకి ఆర్డరు ఇవ్వవద్దు.

ఇట్లు,
మీ మామయ్య