రెండో కాన్పులో కవలలు: ‘ముగ్గురు పిల్లలు’ అంటూ సాయం ఆపొచ్చా?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. నేను ఆటో నడుపుతాను. నా భార్య ఒక దుస్తుల కంపెనీలో కుట్టుపని చేస్తోంది, జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కట్ అవుతుంది. బియ్యం కార్డు ఉంది. మాకు మూడేళ్ల పాప. పదిహేను వారాల కిందట రెండో కాన్పులో కవల ఆడపిల్లలు పుట్టారు. కాన్పుకు మూడు వారాల ముందు నుంచి ఆమె సెలవులో ఉంది. ‘ముగ్గురు పిల్లలయ్యారు కాబట్టి మీకు 12 వారాలే. వెంటనే రాకపోతే పేరు తీసేస్తాం’ అని కంపెనీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. ఆడపిల్లల పొదుపు కోసం తెరిచే సుకన్య ఖాతాలు ఇద్దరికే ఇస్తామని పోస్టాఫీసులో అంటున్నారు. తల్లులకు కేంద్రం ఇచ్చే మాతృ వందన సాయం కింద ఇద్దరికీ కలిపి 12 వేలు వస్తాయని ఒకరు, పైసా రాదని ఇంకొకరు చెబుతున్నారు. అసలు కవలల్ని పెంచడానికి ప్రభుత్వం నెలనెలా ఏమైనా ఇస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెప్పేస్తాను. కవలలు పుట్టారని నెలనెలా ఖాతాలో డబ్బు వేసే ప్రత్యేక పథకం కేంద్రానికి లేదు, మన రాష్ట్రంలోనూ లేదు. ఉన్న పథకాల్లోనే మీ వాటా వెతుక్కోవాలి. అలా వెతికేటప్పుడు ప్రతిచోటా ఒకటే అడగండి: ఇక్కడ లెక్క కాన్పుదా, బిడ్డదా? మీకు ఎదురైన చిక్కులన్నీ ఈ రెండు లెక్కల్నీ కలిపేయడం వల్ల వచ్చినవే.

ముందు సెలవు సంగతి, ఎందుకంటే మీకు గడువు దగ్గర పడుతోంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. అప్పటికే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పిల్లలు బతికి ఉన్న తల్లికి మాత్రం 12 వారాలే ఉంచారు. ఈఎస్‌ఐ నిబంధనల్లోనూ, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే లెక్క. ఇప్పుడు మీ ఇంటికి రండి. మీ భార్య సెలవులోకి వెళ్లిన రోజున ఆమెకు ఉన్నది ఒక్క పాప. కవలలు పుట్టింది ఏ కాన్పుకైతే సెలవు తీసుకున్నారో ఆ కాన్పులోనే. ఆ పిల్లల్నే చూపించి, వాళ్ల కోసం ఇచ్చే సెలవుకు కోత పెడతామంటే కుదరదు. ఆమెకు 26 వారాలూ వస్తాయి. ఇప్పటికి 18 వారాలు అయ్యాయి కదా, ఇంకా 8 వారాలు మిగిలి ఉన్నాయి.

ఇంకో మాట. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు ఆ సెలవు కాలపు డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్‌ఐ కార్పొరేషన్. అంటే కంపెనీ వాళ్లు ఆపుతున్నది తమ జేబులో డబ్బు కూడా కాదు! కాన్పుకు ముందరి రెండు చందా కాలాల్లో (ఒక్కో కాలం ఆరు నెలలు) కలిపి 70 రోజులకు తగ్గకుండా చందా పడి ఉంటే చాలు. బ్రాంచి ఆఫీసుకు వెళ్లి క్లెయిమ్ ఎన్ని వారాలకు పెట్టారో చూడండి. 12 వారాలకే పెట్టి ఉంటే, పిల్లల జనన ధ్రువపత్రాలు జతచేసి మిగతా వారాలకు రాతపూర్వకంగా అడగండి. ప్రసూతి ప్రయోజనం అందుకుంటున్న కాలంలో కార్మికురాలిని తీసేయడం చట్టవిరుద్ధం. ఫోన్లలో వాదించకండి. ‘పేరు తీసేస్తాం’ అన్నది ఫోన్లో అన్న మాటగానే పోతుంది. మీరు మాత్రం కాగితం మీద పెట్టండి: సెలవు మొదలైన తేదీ, కాన్పు తేదీ, 26 వారాలు ముగిసే తేదీ, ఆ మర్నాడు డ్యూటీలో చేరతానన్న మాట. నాలుగు వాక్యాలు చాలు. రిజిస్టర్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. అప్పటికీ వినకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడానికి ఆ రశీదే మీకు ఆధారం. 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చట్టంలో ఉంది. తిరిగి చేరేటప్పుడు అది కూడా అడగండి.

మొదటి కాన్పులోనే కవలలు పుట్టి, ఇప్పుడు రెండో కాన్పుకు సెలవు అడిగేవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు అప్పటికే ఇద్దరు పిల్లలు కాబట్టి 12 వారాలే. అంతేగానీ అసలు లేదనడానికి వీల్లేదు. 2025 మేలో తమిళనాడు ప్రభుత్వ ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇద్దరు పిల్లలున్న తల్లికి చట్టం రోజులు తగ్గించిందే తప్ప సెలవే లేకుండా చేయలేదని, ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పింది.

ఇక మాతృ వందన. ఇది పూర్తిగా కాన్పు లెక్క. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. రెండో కాన్పులో కవలలో, ముగ్గురో పుట్టి వాళ్లలో ఒక్క ఆడపిల్ల ఉన్నా ఆ 6,000 ఇస్తారు. ఇద్దరూ ఆడపిల్లలైనా అదే 6,000, రెట్టింపు కాదు. కాబట్టి 12 వేలన్న మాట తప్పు. పైసా రాదన్న రెండో ఆయన మాట మాత్రం మీ విషయంలో నిజమే, కారణం కవలలు కాదు. వేరే చట్టం కింద ఇలాంటి ప్రసూతి ప్రయోజనమే పొందుతున్న వారిని, మాతృ వందనకు ఆధారమైన ఆహార భద్రతా చట్టంలోనే మినహాయించారు. మీ భార్యకు ఈఎస్‌ఐ నుంచి 26 వారాల వేతనం వస్తుంది, ఈ ఆరు వేలు దాని ముందు ఎంత? వదిలేయండి. రెండూ తీసుకుంటే రేపు రికవరీ నోటీసు రావచ్చు. ఈఎస్‌ఐ లేని ఇళ్లవాళ్లు మాత్రం రెండో ఆడపిల్ల పుట్టిన 270 రోజుల్లోపు అంగన్‌వాడీలో దరఖాస్తు చేసుకోవాలి.

సుకన్య సమృద్ధి విషయంలో పోస్టాఫీసు గుమస్తా సగం నిజమే చెప్పాడు. ఒక కుటుంబానికి రెండు ఖాతాలన్నది మామూలు నియమం. 2019 నిబంధనల్లో దాని కిందనే మినహాయింపు ఉంది: మొదటి లేదా రెండో కాన్పులో కవలలో, ముగ్గురో పుట్టినందువల్ల ఆడపిల్లలు ఇద్దరికి మించితే ఆ పిల్లలకూ ఖాతా తెరవచ్చు. పిల్లల జనన ధ్రువపత్రాలతో పాటు ఒక అఫిడవిట్ ఇస్తే చాలు. మీ ముగ్గురికీ మూడు ఖాతాలు వస్తాయి. తమాషా చూడండి, మీకు వరస తిరగబడి మొదట కవల ఆడపిల్లలు, తర్వాత ఒక పాప పుట్టి ఉంటే ఆ మూడో పాపకు ఖాతా రాదు. పిల్లలు అదే ముగ్గురు, వచ్చిన వరసే తేడా. ఇది న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు, నియమం మాత్రం అదే. ఏడాదికి ఖాతాకు కనీసం 250 రూపాయలు కట్టాలి, అంటే మూడింటికీ కలిపి 750. కేంద్ర ఉద్యోగుల పిల్లల చదువు భత్యంలోనూ ఇదే వరస పనిచేస్తుంది: ఇద్దరికే ఇస్తారు, రెండో కాన్పులో కవలలైతే ముగ్గురికీ ఇస్తారు.

బిడ్డ లెక్కన వచ్చేవి మీరు గట్టిగా అడగాల్సినవి. ఆహార భద్రతా చట్టం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ నుంచి ఉచిత పోషకాహారం హక్కు. ఏ వయసు బిడ్డకు ఎంత పోషకాహారం ఇవ్వాలో చట్టం రెండో షెడ్యూల్‌లో రాసి ఉంది. ఇది తల్లికి కాదు, బిడ్డకు. ‘ఇంటికి ఒక ప్యాకెట్’ అని ఎవరైనా చేతిలో పెడితే రెండోది అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయవచ్చు. బియ్యం కార్డులోనూ మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. సచివాలయంలో కవలల పేర్లు ఎక్కించండి. పిల్లలు బడికి వెళ్లే నాటికి, బడి పిల్లల తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం ఇప్పుడున్నట్టే ఉంటే, ఒకటో తరగతి నుంచి ఒక్కొక్కరికి ఏడాదికి 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలోకి. పాత అమ్మ ఒడి తల్లికి ఒక్కటే ఇచ్చేది, ఎంతమంది పిల్లలున్నా. 2025 నుంచి ఇది బిడ్డ లెక్కకు మారింది. అయితే పథకం వేరు, చట్టం వేరు. చట్టం ఇచ్చినదాన్ని అడిగి, పోరాడి తెచ్చుకోవచ్చు. పథకం షరతులు ఏటా మారవచ్చు.

కవలలు బరువు తక్కువతో పుట్టడం మామూలే కాబట్టి ఇంకొకటి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఏడాది లోపు బిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా, అన్నీ జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. ఒక బిడ్డకే వర్తిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

చివరిగా కాగితాలు. ఆస్పత్రి చీటీలో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు, పక్కన కవల 1, కవల 2 అని రాసి ఉంటుంది. పేర్లు తర్వాత పెట్టుకుందామని చాలామంది వదిలేస్తారు. నా దగ్గరకు వచ్చిన ఒక జంట కవలల పేర్లలో ఒక్క అక్షరమే తేడా, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు ఒకటే. కంప్యూటర్ ఇద్దరినీ ఒకే బిడ్డ అనుకుని ఒక దరఖాస్తును కొట్టేసింది. దాన్ని సరిచేయించడానికి మాకు ఏడు నెలలు పట్టింది. అందుకే ఇద్దరికీ విడివిడిగా జనన నమోదు జరిగిందా, రిజిస్ట్రేషన్ నంబర్లు వేరుగా ఉన్నాయా, చూడండి. ధ్రువపత్రంలో పేరు లేకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా ఎక్కిస్తారు. పేర్లు కాస్త దూరంగా ఉండేలా పెట్టండి. ప్రాస ముచ్చట ముద్దుపేర్లతో తీర్చుకోవచ్చు. కంపెనీకి ఉత్తరం మాత్రం ఈ వారమే పంపండి.