తమ్ముడు వేప్ రీల్స్ పంపుతున్నాడు, పట్టించుకోవాలా?

గుంటూరులో బీటెక్ మొదటి ఏడాది చదివే మీ తమ్ముడు వేప్ (ఈ-సిగరెట్) తాగే రీల్స్ సరదాకి పంపుతున్నాడు, వీటి వల్ల నిజంగా ఏమన్నా అవుతుందా, వాడితో ఎలా మాట్లాడాలి అని అడిగారు. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను, సాయంత్రం హాస్టల్ స్టడీ అవర్స్ కూడా చూస్తాను. పట్టించుకోండి. ఫోన్ మాత్రం లాక్కోకండి.

పెద్దవాళ్ళం ప్రకటనలంటే భయపడతాం గానీ పిల్లల ఫోన్లలో తిరిగేవి ప్రకటనల్లా ఉండవు. వార్డెన్ తలుపు కొడితే నోట్లో పొగ మింగేసి అమాయకంగా నిలబడే కుర్రాడు, 'ప్రతి గ్యాంగ్‌లో ఇలాంటోడు ఒకడుంటాడు' అని ఫ్రెండ్‌ని ట్యాగ్ చేయించే కామెడీ, పొగతో రింగులు వదిలే విద్య, వెనక ఏదో మాస్ బీజీఎం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 808 టిక్‌టాక్ వేపింగ్ వీడియోలు పరిశీలించి 2021లో ఫలితాలు వేశారు. 63 శాతం వేపింగ్‌ని మంచిగా చూపించినవే, వద్దనే ధోరణిలో ఉన్నవి 13 శాతం. సగానికి పైగా జోకులే. మన దగ్గర టిక్‌టాక్ 2020లోనే ఆగిపోయింది గానీ అదే సరుకు ఇప్పుడు రీల్స్‌లో, షార్ట్స్‌లో దొరుకుతోంది. నవ్వొచ్చిన దాన్ని పిల్లలు అనుమానించరు, అదే నాకు దిగులు.

ఇంకోటి గమనించండి. థియేటర్లో హీరో సిగరెట్ వెలిగిస్తే తెర కింద హెచ్చరిక పడుతుంది, 2012 నుంచి ఆ నిబంధన ఉంది. అదే సీన్‌ని ఫోన్‌కి సరిపడేలా నిలువుగా కత్తిరించి రీల్ చేస్తే మూలనున్న ఆ హెచ్చరిక కాస్తా ఎగిరిపోతుంది, పొగా హీరో మొహమూ మిగులుతాయి.

'అది నీళ్ళ ఆవిరే కదా మేడమ్' అని క్లాసులో అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు, రీల్స్‌లో విన్నదే అడుగుతారు పాపం. కాదు. ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవంలో నికోటిన్, ఫ్లేవర్ వేసి చిన్న కాయిల్‌తో వేడి చేస్తారు, పైకి వచ్చేది ఆ ద్రవపు తుంపరలు. మామూలుగా నికోటిన్ ఎక్కువైతే గొంతు మండుతుంది, మనిషి అక్కడ ఆగుతాడు. ఈ మధ్య చాలా వాటిలో బెంజాయిక్ ఆమ్లం లాంటిది కలిపి నికోటిన్‌ని లవణంగా మారుస్తున్నారు, దాంతో క్షారగుణం తగ్గి మంట తగ్గుతుంది, అంటే ఎంత ఎక్కువ లోపలికి పోతోందో వాడికి తెలియదు. పొగాకు పండించే ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకి నేను ఇంకోలా చెబుతాను. తడి ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులవడం మీరు విన్నారు కదా, చర్మం గుండా ఎక్కిన నికోటిన్ చేసే పని అది, ఈ మామిడిపండు వాసన గొట్టంలో ఉన్నదీ అదే నికోటిన్ అంటాను. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

ఒకసారి స్టడీ అవర్‌లో ఒక అబ్బాయి పెన్నుల పౌచ్‌లో వేప్ దొరికింది. హైలైటర్ అంతే ఉంది, లేత నీలం, అడుగున టైప్-సీ ఛార్జింగ్, దగ్గర పెట్టుకుంటే మామిడి తాండ్ర వాసన. వాడు చెడ్డ పిల్లాడేం కాదు, ర్యాంకుల్లో ఉండేవాడు. తర్వాత కూర్చోబెట్టి మాట్లాడితే చెప్పాడు, మూడు గంటల పరీక్షలో గంట గడిచేసరికి చేతులు ఆడవట, చదివిందే మళ్ళీ చదువుతున్నా బుర్రకెక్కదట, ఎప్పుడు బయటపడదామా అనే ధ్యాసేనట. రీల్‌లో ఇది ఉండదు. ఇంట్లో అబద్ధం చెప్పి తెచ్చిన డబ్బులూ ఉండవు.

చట్టం సంగతి కూడా వాడికి చెప్పండి, చాలామందికి తెలియదు. 2019 చట్టంతో మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. డీఎం చేయండి అని రీల్ కింద రాసేవాడి దగ్గర తెప్పించి రూమ్మేట్‌కి వంద లాభానికి ఇచ్చినా అది అమ్మకమే. ఆకు ఎమోజీ పెట్టి 'స్టఫ్' అంటూ వచ్చే వీడియోలైతే ఇంకా ప్రమాదం, గంజాయి కొంచెమే దొరికినా ఎన్డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) కేసు.

మాట్లాడేటప్పుడు 'నువ్వు తాగుతున్నావా' అని మొదలుపెట్టకండి, కచ్చితంగా లేదంటాడు. వాడు పంపిన రీల్‌నే పక్కన కూర్చుని మళ్ళీ చూడండి, ఇది ఎవరు పెట్టారు, వాడికేం వస్తుంది, నీ ఫ్రెండ్స్‌లో ఎవరి దగ్గరుంది అని అడగండి. పక్కవాడి గురించి చెబుతూ చెబుతూ తన సంగతి తానే చెప్పేస్తారు, నేను చాలామందిలో చూశాను. అలాంటివి వచ్చినప్పుడల్లా 'ఆసక్తి లేదు' నొక్కమనండి, తిట్టుకుంటూ పూర్తిగా చూసినా యాప్ దాన్ని ఇష్టం కిందే లెక్కేసి మరో పది తెచ్చిపెడుతుంది.

అలవాటు పడ్డాడని తేలితే నాన్నగారికి చెప్పి రభస చేయకముందే పొగాకు మానిపించే హెల్ప్‌లైన్ 1800112356కి వాడి చేతే ఫోన్ చేయించండి. గంజాయి దాకా వెళ్ళుంటే డీఅడిక్షన్ నంబర్ 14446 ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీ ఉంది, తోడుగా మీరే వెళ్ళండి. ఎవరు అమ్ముతున్నారో తెలిస్తే మన రాష్ట్ర పోలీసుల మత్తుపదార్థాల నిరోధక విభాగం ఈగల్ నంబర్ 1972.