తొమ్మిదో నంబరు చొక్కా ఎవరిది? - పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2025 నవంబరు 18న ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు 0-1తో బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయిన నాటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు జట్టు ఎంపికనూ, ఆడే పద్ధతినీ నిలదీసేవే. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట, వివరంగా రాసిన ఒకరి ఉత్తరాన్ని కొంత కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: వీడ్కోలు చెప్పి వెళ్లిపోయిన సునీల్ ఛెత్రీని నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలవడం యువ ఆటగాళ్లకు అన్యాయం కాదా? అతని స్థానంలో ముగ్గురు యువ స్ట్రైకర్లను దింపి పూర్తిగా దాడికే ఆడిస్తే పోయేదేముంది? ఎంపిక వెనుక పెద్ద క్లబ్బుల ఒత్తిడి ఉందని కూడా నాకు అనుమానం.
- ఆర్.వి., సికింద్రాబాద్

జవాబు: ఛెత్రీ రాకవల్ల యువకుల చోటు పోయిందని చెప్పాలంటే, ఆ చోటు కోసం, అంటే గోల్ చేసే స్ట్రైకర్ వేసుకునే తొమ్మిదో నంబరు చొక్కా కోసం, కాచుకుని ఉన్న యువకుడు ఎవరో ముందు చూపించగలగాలి. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్‌తో ఛెత్రీ 94 అంతర్జాతీయ గోల్స్ దగ్గర ఆట ముగించాడు. ఆ తర్వాత కోచ్‌గా వచ్చిన మనోలో మార్కెజ్ 2025 మార్చిలో అతన్ని తిరిగి పిలిచే నాటికి మన జట్టు 2023 నవంబరు తర్వాత ఒక్క మ్యాచ్ కూడా గెలిచి ఉండలేదు. ఆ ఏడాది ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ అనే క్లబ్బుల పోటీ) సీజన్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువగా 14 గోల్స్ చేసినవాడు ఛెత్రీయే. దేశంలో అత్యధికంగా గోల్స్ చేస్తున్న భారతీయుడిని జాతీయ జట్టు కోచ్ ఎంచుకుంటే, దాన్ని పాత అభిమానమని కొట్టిపారేయలేం. షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0తో గెలిచిన మ్యాచ్‌లో అతను 95వ గోల్ కూడా చేశాడు. అయితే వారం తిరగకుండానే అదే మైదానంలో ఆసియా కప్ అర్హత పోటీలో బంగ్లాదేశ్‌పై ఒక్క గోల్ కూడా చేయలేక 0-0తో సరిపెట్టుకోవడం చూస్తే, ఛెత్రీ పునరాగమనం ఆ రోజుకు కోచ్ అవసరాన్ని తీర్చిందే తప్ప జట్టులో స్ట్రైకర్ లేని లోటును తీర్చలేదని తెలుస్తుంది.

ఆ లోటు ఎక్కడ పుట్టిందో చూడాలంటే జాతీయ శిబిరాన్ని కాదు, క్లబ్బుల ఆటను చూడాలి. ఐఎస్ఎల్ 2014లో మొదలైన నాటి నుంచి 2024-25 వరకు ఒక్క సీజన్‌లోనైనా అత్యధిక గోల్స్‌కు ఇచ్చే బంగారు బూటు భారతీయుడి చేతికి రాలేదు. 2024-25లో దాన్ని 23 గోల్స్‌తో మొరాకోకు చెందిన అలాయెద్దీన్ అజరయీ గెలుచుకున్నాడు. మనమంతా గర్వపడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో టైటిల్ గెలిచినప్పుడు కూడా ఆ సీజన్ బంగారు బూటు గెలిచింది ఆ జట్టు స్ట్రైకరే. 18 గోల్స్ చేసిన ఆ బర్తొలొమ్యూ ఒగ్బెచే నైజీరియా దేశస్థుడు. మైదానంలో ఒకేసారి ఉండగలిగే విదేశీయుల సంఖ్య మొదట్లో ఆరు, 2017-18లో ఐదు, 2021-22 నుంచి నాలుగు అయింది. ఆ సంఖ్య తగ్గిన ప్రతిసారీ క్లబ్బులు సాధారణంగా వేరేచోట్ల విదేశీయులను వదులుకున్నాయిగానీ, గోల్ చేసే స్థానాన్ని మాత్రం వదులుకోలేదు. వాటిని తప్పుపట్టలేం, ఎందుకంటే వాటి మనుగడ పాయింట్లమీదే ఉంటుంది. అయితే దాని ఫలితంగా పద్దెనిమిదేళ్ల వయసులో స్ట్రైకర్‌గా వచ్చిన కుర్రవాడు ఇరవై రెండేళ్లకల్లా పక్కల నుంచి బంతి అందించే వింగర్‌గానో, చివరి పదిహేను నిమిషాల్లో దిగే ప్రత్యామ్నాయ ఆటగాడిగానో మారిపోతున్నాడు. చివరికి జాతీయ కోచ్ ముందుకు లాల్లియన్‌జువాలా ఛాంగ్తే వంటి మంచి వింగర్లు వస్తారు, వారు పంపిన బంతిని లోపల నిలబడి గోల్‌లోకి మళ్లించేవాడు మాత్రం రాడు.

ఈ పరిస్థితిలో ముగ్గురు స్ట్రైకర్ల ఫార్మేషన్ గురించి వాదించుకోవడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా ఉంటుంది. పైగా ముందు ఎందరున్నారన్నది ఒక్కటే గోల్స్‌ను నిర్ణయించదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఛెత్రీ ఆడినా మనం ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1తో ఓడి, మూడు మ్యాచ్‌ల్లో కలిపి ఒక్క గోల్ కూడా లేకుండా ఇంటికి వచ్చాం. అక్కడ మధ్య వరుస నుంచి బంతి సరైన సమయంలో ముందుకు చేరలేదు. అందువల్ల ఆటగాడిని కొలిచేటప్పుడు అతని పేరు, వయసు, క్లబ్బు పక్కన పెట్టి, ఏ స్థానానికైతే పిలుస్తున్నారో ఆ స్థానంలో అతను వారం వారం పూర్తి మ్యాచ్‌లు ఆడుతున్నాడా అని మాత్రమే అడగాలని నా అభిప్రాయం. ఆ ఒక్క ప్రశ్న వేస్తే మన వాదనల్లో సగం పేర్లు వాటంతట అవే రాలిపోతాయి.

క్లబ్బుల ఒత్తిడి ఉన్నమాట నిజమే. అయితే అది మీరు అనుకునే దిశలో లేదు. క్లబ్బులు తమ ఆటగాళ్లను జట్టులోకి నెట్టడం కంటే, శిబిరానికి పంపకుండా ఆపుకోవడమే ఎక్కువ. 2025 ఆగస్టు, సెప్టెంబరులలో జరిగిన కాఫా (మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం) నేషన్స్ కప్‌కు మోహన్ బగాన్ తన ఆటగాళ్లను విడుదల చేయలేదు. అంతకుముందు కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఆసియా కప్‌కు ముందు సుదీర్ఘ శిబిరం కావాలని ఎంత అడిగినా, లీగ్ షెడ్యూలు అందుకు చోటివ్వలేదు. ఆయన తర్వాతి కోచ్ మార్కెజ్‌ను ఎఫ్‌సీ గోవా కోచ్ పదవిలో ఉండగానే జాతీయ జట్టుకు నియమించడం, రెండు పదవులనూ ఒక సీజన్ పాటు కొనసాగనివ్వడం భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేసిన నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచినది. ఆయన కింద ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో మాల్దీవులపై వచ్చిన ఆ ఒక్క గెలుపే మిగిలింది.

ప్రశ్న: కొత్త కోచ్ ఖాలిద్ జమీల్ ఆడిస్తున్నది రక్షణాత్మకమైన, పొడవాటి బంతుల పాతకాలపు ఆట. ప్రపంచమంతా చిన్న పాసులతో వెనుకనుంచి ఆట నిర్మిస్తుంటే మనం వెనక్కి వెళ్తున్నామా?
- ఎం.ఎస్.కె., విశాఖపట్నం

జవాబు: ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టు 1న బాధ్యత తీసుకున్నారు. అప్పటికి జట్టు వరుసగా విదేశీ కోచ్‌ల చేతుల్లోనే ఉండి దశాబ్దం దాటింది. తక్కువ వనరులున్న ఐజ్వాల్ ఎఫ్‌సీని 2016-17లో ఐ-లీగ్ విజేతగా నిలిపిన కోచ్ ఆయన. తనకంటే బలమైన జట్టును ఖాళీ లేకుండా కట్టడి చేసి, సెట్ పీస్‌లతో (ఆగిన బంతితో మొదలయ్యే ఫ్రీ కిక్, కార్నర్ వంటివి), కౌంటర్ అటాక్‌తో (బంతి చేజిక్కగానే చేసే ఎదురుదాడి) దెబ్బతీయడం ఆయనకు తెలిసిన విద్య. కాఫా కప్‌లో అదే చూశాం. తజికిస్తాన్‌పై వారి గడ్డమీదనే మొదటి పదమూడు నిమిషాల్లో అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్ అనే ఇద్దరు డిఫెండర్లు గోల్స్ చేయగా 2-1తో గెలిచాం. తొలి గోల్‌కు దారి వేసింది మహమ్మద్ ఉవైస్ విసిరిన లాంగ్ త్రో. ఇరాన్ చేతిలో 0-3తో ఓడినా, మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో ఒమన్‌ను 1-1 తర్వాత పెనాల్టీల్లో ఓడించాం. లాంగ్ త్రో చూడముచ్చటగా ఉండదని విమర్శించేవారు ఉంటారు, కానీ స్ట్రైకర్ లేని జట్టుకు డిఫెండర్ తలతో వచ్చే గోల్ ఎంతో విలువైనది. కాబట్టి దాన్ని పాతకాలపు ఆట అని నేను అనను.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఈ పద్ధతి బంతి ఎదుటివారి దగ్గర ఉంటుందన్న ఊహమీద నిలబడుతుంది. ర్యాంకింగ్‌లో మనకంటే దిగువన ఉన్న జట్టు వచ్చి, బంతిని మనకే వదిలేసి, మమ్మల్ని దాటమని సవాలు చేసినప్పుడు మన దగ్గర జవాబు ఉండటం లేదు. 2025 అక్టోబరు 9న సింగపూర్‌లో ఝింగన్ రెడ్ కార్డుతో వెళ్లిపోయాక పదిమందితోనే పోరాడి, చివర్లో రహీం అలీ గోల్‌తో 1-1 సాధించాం. అది మనకు అలవాటైన మ్యాచ్. ఐదు రోజుల తర్వాత గోవాలో అదే సింగపూర్‌పై తప్పక గెలవవలసిన మ్యాచ్‌లో ఛాంగ్తే గోల్‌తో ఆధిక్యం వచ్చాక, దాన్ని పెంచుకోవాలో కాపాడుకోవాలో తేల్చుకోలేక 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు పోగొట్టుకున్నాం. నాలుగు జట్ల బృందంలో ఒక్క అగ్రస్థానానికే అర్హత ఉన్నప్పుడు, సొంతగడ్డపై ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గడం కోచ్ నిర్ణయలోపమేనని చెప్పక తప్పదు. అయితే ఆ సమయానికి లీగ్ నిలిచిపోయి ఉండటం వల్ల ఆటగాళ్లకు తగినన్ని పోటీ మ్యాచ్‌లు లేవన్న సంగతిని కూడా ఆయన పద్దులో జమ వేయాలి.

మైదానంలో సాహసం చేసిన భారతీయ కోచ్ కావాలంటే మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం గారినే గుర్తు చేసుకోవాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన సెమీఫైనల్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ సెమీస్‌లోనూ, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లోనూ గోల్స్ చేశాడు. ఆ నిర్ణయాన్ని జూదమని చెప్పుకోవడం మనకు ఇష్టం. కానీ అప్పటికి పన్నెండేళ్లుగా జట్టు రహీం గారి చేతిలో ఉంది, ఎవరి కాలు ఏ వైపు బలహీనమో ఆయనకు తెలుసు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిన జట్టును ఆయనే నాలుగేళ్లలో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి తెచ్చారు. ఓటమి వెంబడి కోచ్‌ను మార్చే నేటి సమాఖ్య అయితే 1952లోనే ఆయనను ఇంటికి పంపి ఉండేది.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి అకాడమీలో ఆడుతున్నాడు, అతనికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉంది. హాంకాంగ్, సింగపూర్ ఎక్కడెక్కడివారినో ఆడిస్తుంటే, రక్తసంబంధం ఉన్న మా పిల్లలను భారత జట్టు ఎందుకు తీసుకోదు?
- పి.ఎల్., న్యూజెర్సీ

జవాబు: మీ బాధకు ఆధారం ఉంది. అర్హత పోటీల్లో మన ముగ్గురు ప్రత్యర్థులూ ఆ దారి వాడుకున్నారు: హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీతో మనల్ని ఓడించిన స్టెఫాన్ పెరేరా బ్రెజిల్‌లో పుట్టినవాడు, గోవాలో రెండు గోల్స్ చేసిన సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్-యంగ్ దక్షిణ కొరియాలో పుట్టినవాడు, ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హంజా చౌధురీ బంగ్లాదేశ్ తరఫున తొలి మ్యాచ్ ఆడింది షిల్లాంగ్‌లో మనమీదే. మన దేశంలో అడ్డంకి ఫుట్‌బాల్ సమాఖ్యది కాదు. ద్వంద్వ పౌరసత్వాన్ని చట్టం ఒప్పుకోదు, భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడాలన్నది కేంద్ర ప్రభుత్వ విధానం. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు భారతదేశంలో నివసించినవారు పౌరసత్వానికి అడగవచ్చు, అయితే ఉన్న పాస్‌పోర్టును వదులుకోవాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు రయాన్ విలియమ్స్ 2025లో ఆ పనే చేశాడు, అయినా అనుమతులు పూర్తికాక ఢాకా మ్యాచ్‌లో ఆడలేకపోయాడు. తల్లి వైపు నుంచి ముంబై మూలాలున్న అతని వంటివారు ఒకరిద్దరు వస్తే తొమ్మిదో నంబరు కొన్నాళ్లు భర్తీ కావచ్చు. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు అమెరికా పాస్‌పోర్టు వదులుకోవడమన్నది ఫుట్‌బాల్ ఒక్కదానికోసం చేయదగిన నిర్ణయం కాదని మీ కుటుంబానికి చెప్పడం నా బాధ్యత.

ప్రశ్న: 1956 ఒలింపిక్ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు ఎందరో ఉండేవారు. ఇప్పుడు పురుషుల జట్టులో తెలుగువారు కనిపించడమే అరుదు. ఇది ప్రాంతీయ వివక్ష కాదా?
- బి.ఎన్., నిజామాబాద్

జవాబు: కాదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ కుర్రవాడు తులసీదాస్ బలరాం - వీరిని మెల్‌బోర్న్ పంపింది హైదరాబాద్ పేరు కాదు, అక్కడి పోటీ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇప్పుడు ఆ స్థాయి పోటీ మణిపుర్‌లో, మిజోరంలో, కేరళలో, గోవాలో, బెంగాల్‌లో ఉంది కాబట్టి ఆటగాళ్లూ అక్కడినుంచే వస్తున్నారు. మన ఏకైక ఐఎస్ఎల్ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఎంపిక సంఘాన్ని నిందించే ముందు, జిల్లా స్థాయిలో ఏడాది పొడవునా నడిచే లీగ్ ఎందుకు లేదని మన రెండు రాష్ట్రాల సంఘాలను అడగవలసి ఉంటుంది.

పైగా మీ జిల్లా సంగతి మీరే మరిచిపోయారు. భారత మహిళల జట్టులో ఆడుతున్న సౌమ్య గుగులోత్ నిజామాబాద్ అమ్మాయి. బెంగళూరులో సుదీర్ఘ శిబిరం తర్వాత ఆ జట్టు 2025 జూలైలో చియాంగ్ మాయిలో ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, సంగీతా బాస్ఫోర్ చేసిన రెండు గోల్స్‌తో 2026 ఆసియా కప్‌కు అర్హత పోటీల ద్వారా తొలిసారి చేరింది. పురుషుల జట్టు కోచ్‌లు అడిగీ అడిగీ పొందలేకపోయిన శిబిర కాలం వీరికి దొరికింది. ఆ జట్టు గురించి మాత్రం ఈసారి మాకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు.