తుపాకీ బరువు గురించి అల్లుడికి

మర్రిపాలెం, విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాన్రా. టెక్సస్‌లో అడవిపందుల వేటకని కొన్న ఏఆర్-15 రైఫిల్ మోయలేక భుజం పడిపోతోందని, బరువు తగ్గడానికి ఏం కొనాలని అడిగావు. నేను ఆర్మీ మరమ్మతుల విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, ఎస్సెల్లార్ అనే పాత సైనిక రైఫిళ్లు విప్పీ బిగించీ బతికినోణ్ణి. అది ఖాళీగానే నాలుగు కిలోల పైమాట. నీది అలాక్కాదు, పుట్టిందే తేలిక కోసం. 1950ల్లో యూజీన్ స్టోనర్ ఆ వరస తుపాకులకి అల్యూమినియం రిసీవర్ (లోపలి యంత్రమంతా ఇమిడే నడిమి డొల్ల) పెట్టింది అందుకే. దాన్ని ఐదు కిలోలకి తెచ్చావంటే తప్పు తుపాకీది కాదు, నీ షాపింగుది.

అందుకని ఇప్పుడే ఏం కొనకు. ముందు మ్యాగజైన్, అదే తూటాల పెట్టె, తీసెయ్. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూడు, వేలెట్టి తడిమి చూడు. తర్వాత అమ్మాయి కేకులకి పిండి తూచే కాటా వంటింట్లోంచి తెచ్చుకుని, తగిలించినవన్నీ ఒక్కొక్కటీ ఊడదీసి తూచు. స్కోపు, దాన్ని బిగించే మౌంటు, టార్చి, బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండు, ముందు పిడి, సామాన్లు తగిలించే గాడిపట్టీల (రెయిళ్ల) మీది కవర్లు. కాగితం మీద రాసుకో. ఎదురుగా, పోయిన సీజన్లో అది ఎన్నిసార్లు పనికొచ్చిందో కూడా రాయి. వీడియోలో చూస్తే ఆ బైపాడ్ కాళ్లు ఇంకా కొత్త నిగనిగ పోలేదు. వంద గజాల లోపు వేటకి అంత పెద్ద స్కోపు కూడా అక్కర్లేదు. మౌంటుతో కలిపి అది ఏడొందల గ్రాములు తూగితే ఆశ్చర్యం లేదు. గురికి ఎర్ర చుక్క చూపించే చిన్న రెడ్ డాట్ అయితే వంద, నూట యాభై గ్రాములతో సరిపోద్ది.

బరువు ఎంతన్నదొకటే లెక్క కాదు, ఎక్కడుందన్నది కూడా చూడాలి. బిందెడు నీళ్లు చంకనెత్తుకుంటే వీధి చివరిదాకా మోస్తాం. అదే బిందెని చేతులు చాపి పట్టుకుంటే గుమ్మం దాటలేం. ఇది నాకు చదువుతో రాలేదు, ఎదురుదెబ్బ తిని తెలిసింది. కుర్రతనంలో నా ఎయిర్‌గన్ బరువుగా ఉందని అల్లిపురంలో ఒక వడ్రంగి దగ్గర కూర్చుని చెక్క బట్‌ని లోపల తొలిపించాను. కాటా మీద రెండొందల గ్రాములు తగ్గింది. చేతిలోకి తీసుకుంటే మాత్రం మూతి కిందకి వాలిపోతోంది, మునుపటికంటే బరువనిపించింది. నెల తిరక్కుండానే చేజారి గచ్చు మీద పడి, పిడి దగ్గర నిలువునా చీలింది. మీ తాతయ్య ఆ చెక్క ముక్కలతోనే నీళ్లు కాచుకున్నారు.

అంచేత ముందు వైపు నుంచి తగ్గించుకురా. నీ తుపాకీకి ఉన్నది నాలుగు పక్కలా రెయిల్ ఉన్న హ్యాండ్‌గార్డ్, అంటే బారెల్ చుట్టూ చెయ్యి పట్టుకునే తొడుగు. అది తీసేసి, రెయిళ్ల బదులు గాళ్లు మాత్రమే ఉండే సన్నటి ఎమ్‌లాక్ రకం వెయ్యి. ఆ తర్వాత బారెల్. లావు బారెల్ బదులు పెన్సిల్ బారెల్ అనే సన్నది వేస్తే పావుకిలో పైనే తగ్గుద్ది, అదీ సరిగ్గా తగ్గాల్సిన చోట. అమెరికా సైన్యం 1980ల్లో ఇదే వరస రైఫిల్ ఎమ్16ఏ2కి బారెల్ ముందు భాగం లావు చేసింది, హ్యాండ్‌గార్డ్ కింద మాత్రం సన్నగానే ఉంచింది. బరువు మూతి దగ్గరకే చేర్చిన ఆ పని నాలాంటి ఆర్మరర్‌కి ఇప్పటికీ మింగుడుపడదు. సన్న బారెల్‌తో ఒక చిక్కుంది. వరసగా రెండు మ్యాగజైన్లు కాల్చావంటే వేడెక్కి గుళ్లు చెదురుతాయి. నువ్వు పొద్దుటిపూట పేల్చేది నాలుగైదు గుళ్లేగా, నీకా బాధ లేదు.

బారెల్ కోయించి పొట్టి చేయిస్తానన్నావు. వద్దు. అక్కడ 16 అంగుళాల కంటే తగ్గితే 1934 నాటి నేషనల్ ఫైరార్మ్స్ యాక్ట్ కిందకి వస్తుంది. ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నోడివి, ఆ జోలికే పోకు.

తేలిక బోల్ట్ క్యారియర్ (పేల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే లోపలి దిమ్మ), తేలిక బఫర్ (దాని వెనక ఉండే అడ్డుదిమ్మ) అని ఊరిస్తారు. అవి పోటీల్లో కాల్చేవాళ్ల సరదా. క్యారియర్ తేలికైతే మరీ వేగంగా వెనక్కి తన్నుతుంది, దాన్ని తోసే గ్యాస్ మోతాదు మళ్లీ సరిచూసుకోవాలి. దుమ్మూ మసీ పట్టాక దాన్ని తోసుకుని మూసుకునే బలం కూడా తగ్గుతుంది. బురదలో తిరిగేవాడికి ఎందుకు చెప్పు? రిసీవర్‌కి కన్నాలు పెట్టించడం మరీ దండగ, దుమ్ముకి దారి చూపించడమే.

మ్యాగజైన్ సంగతి మర్చిపోకు. ఒక్కో తూటా పన్నెండు గ్రాములు వేసుకున్నా ముప్ఫైకి 360 గ్రాములు. పది తూటాలే నింపుకుంటే ఆ తేడా చేతికే తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. భుజానికి వేసుకునే పట్టీ, స్లింగ్, మాత్రం వెడల్పుది వేసుకో. దానికి నాలుగు గ్రాములు పెరిగినా పరవాలేదు, సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు సన్నపట్టీ సంచీతో నడిచి భుజం కమిలించుకున్నవాడివి నీకు నేను చెప్పాలా!

బారెల్ గానీ రెడ్ డాట్ గానీ మార్చాక రేంజికెళ్లి జీరో (గురి సరిచూసుకోవడం) చేసుకోకుండా వేటకి వెళ్లకు.

ఇంకోమాట. సంక్రాంతికి వస్తున్నావు కదా, వేటకి వాడే బ్యాగుతో విమానం ఎక్కకు. జేబు మూలలో ఒక్క తూటా మిగిలిపోయినా ఇక్కడ ఆర్మ్స్ యాక్ట్ కేసు. మర్చిపోయాను సార్ అంటే వినేవాడుండడు. వేరే సూట్‌కేసు కొనుక్కుని రా. మీ అత్తయ్య ఇప్పట్నుంచే అరిసెలకి బెల్లం ఎక్కడ బావుందో వాకబు చేస్తోంది.

మీ మావయ్య